గంట కొట్టని పరీక్ష

మా టీచర్ ఇక లేరన్న వార్త నాకు శబ్దం లేకుండా వచ్చింది. పోయిన బుధవారం ఉదయం కాఫీ కలుపుకుంటూ ఉండగా ఫోను వెలిగింది. జల్‌పల్లి అమ్మాయి వీడియో కాల్. ఆమె చిత్రకళా తరగతిలో నా తోటి విద్యార్థిని. పుట్టుకతో వినపడదు కనుక మేము మాట్లాడుకునేది చేతులతోనే. తెర మీద ఆమె చూపుడు వేలితో తన ఎడమ చెంప మీద ఒక గీత గీసింది. మా తరగతి సంజ్ఞల్లో టీచర్ పేరు అదే. ఎప్పుడు చూసినా ఆ చెంప మీద బొగ్గు మరక ఉండేది కాబట్టి ఆ అమ్మాయే ఆ పేరు పెట్టింది. గీసిన వేలు చెంప మీదే ఆగిపోయింది. తర్వాత చెయ్యవలసిన సంజ్ఞ ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆమె చెయ్యలేదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయేదాకా మేమిద్దరం అలా ఒకరినొకరు చూస్తూ ఉండిపోయాము.

శంషాబాద్ పాత ఊళ్లో టీచర్ వాళ్ల ఇంటికి నేను వెళ్లేసరికి ముందు గది నిండా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. టీచర్ అక్కగారు నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"పొద్దుగాల చాయ్ తాగింది. గిట్ల గోడకు ఒరిగింది. నేను లోపలికి పోయి వచ్చేసరికి అంతే," అన్నారు. నా ముఖంలోకి చూసి, "లెక్కల మేడం మీరేనా? ఇంట్ల మీ ముచ్చట మస్తు చెప్పేది," అన్నారు.

"ఏమని చెప్పేవారు?"

"అసొంటి మొండి మనిషిని నా జిందగీల చూడలేదని."

అంత దుఃఖంలోనూ ఆమె ముఖం మీద నవ్వు కదిలింది. నేనూ నవ్వాను. ఆ మాట నిజం కనుక దానిని కాదనడానికి ప్రయత్నించలేదు.

నా గురించి కొంత చెప్పకుండా ఆమె గురించి చెప్పడం సాధ్యం కాదు. మహిళా జూనియర్ కళాశాలలో ముప్పై ఏళ్లకు పైగా గణితం బోధించాను. పెళ్లి చేసుకోలేదు. ఎవరి మీదా ఆధారపడలేదు. పదవీ విరమణ తర్వాత ఒకరోజు నా కుడి చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ప్రమాదం ఏమీ లేదనీ, ఇది వయసుతో, కంగారుతో ఎక్కువవుతుందనీ డాక్టరు చెప్పారు. చెయ్యి పూర్తిగా మాట వినడం మానేయకముందే చిన్నప్పటి నుంచి ఉన్న కోరిక ఒకటి తీర్చుకోవాలనిపించింది. అరవై ఎనిమిదో ఏట తుక్కుగూడ దారిలో ఉన్న ఒక చిత్రకళా కళాశాలలో రెండేళ్ల డిప్లొమాకు దరఖాస్తు చేశాను. వణుకు సంగతి దరఖాస్తులో రాయలేదు.

మొదటి రోజు గేటు దగ్గర అటెండర్ ఆపాడు.

"అమ్మా, ఎవరి కోసం వచ్చిన్రు? మన్మరాలు ఏ క్లాసు?"

"నా కోసమే వచ్చాను. నేనే విద్యార్థిని."

అతను నన్ను కిందినుంచి పైదాకా చూసి, "అయితే ఐడీ కార్డు మెడల ఏసుకోవాలె మరి. రూలు అందరికీ ఒకటే," అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. రూలు అందరికీ ఒకటే అన్న మాట మీదే నేను నా ఉద్యోగ జీవితమంతా నడిపాను.

తరగతి గదిలో అందరికీ బల్లలున్నాయి, ముందు వరసలో ఒక్క కుర్చీకి మాత్రం మెత్త వేసి ఉంది. యాభై ఏళ్లు నిండని ఒకావిడ, జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని, "మేడం, మీరిక్కడ కూసోండ్రి, ఆరాంగ ఉంటది," అన్నారు. ఆవిడే మా టీచర్. నేను కూర్చోలేదు. ఆ పూట రెండు గంటల తరగతీ నిలబడే విన్నాను. మోకాళ్లు నొప్పెట్టాయి. అయినా కూర్చోలేదు.

మరునాడు వెళ్లేసరికి ఆ కుర్చీ లేదు. గది రూపమే మారిపోయింది. కొన్ని బల్లలు ఇటుకలు పెట్టి నిలబడి గీసే ఎత్తుకు లేపారు. కొన్ని మామూలు ఎత్తులో ఉన్నాయి. ఒక మూల చాపలు పరిచారు. అందరూ వచ్చాక ఆమె గది మధ్యకు వచ్చి, "నిన్న ఒకరిని అడగకుంటనే వాళ్లకేం కావాల్నో నేనే అనుకున్న. తప్పు నాదే. ఇగ ఎవరికి యాడ మంచిగుంటే ఆడ ఉండుండ్రి. రోజూ మార్చుకున్నా సరే," అన్నారు. నా వైపు చూడలేదు. నా పేరెత్తలేదు. అందరి ముందూ తప్పు ఒప్పుకుని, ఆ తప్పు ఎవరి పట్ల జరిగిందో మాత్రం ఎవరికీ తెలియనివ్వని అధ్యాపకురాలిని నేను అంతకుముందు చూడలేదు. నేనైతే అలాంటి అధ్యాపకురాలిని కాను.

ఆ వారమే అందరికీ తలా ఒక కాగితం ఇచ్చారు. "మీకు ఎట్ల నేర్పితే వస్తదో చెప్పుండ్రి. రాయొచ్చు, బొమ్మ గియ్యొచ్చు, ఫోన్‌ల మాట్లాడి పంపొచ్చు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, ఏదైనా సరే." మంఖాల్ నుంచి వచ్చే కుర్రవాడు, సేద్యం చేసుకునే కుటుంబంలో కాలేజీ మొహం చూసిన మొదటివాడు, ఇంగ్లీషులో అందరి ముందూ అడగవద్దని రాశాడట. జల్‌పల్లి అమ్మాయి తాను కూర్చునే చోటు నుంచి అందరి ముఖాలూ కనిపించాలని బొమ్మ గీసి ఇచ్చింది. ఆ సాయంత్రానికే బల్లలన్నీ గుండ్రంగా తిరిగాయి. నేను ఖాళీ కాగితం మడిచి ఇచ్చాను. ఆమె తీసుకుని, "ఇది గూడ జవాబే మేడం. దాచుకుంట," అన్నారు.

ఆమె పాఠం చెప్పే తీరు గురించి చదువుతున్న మీకు కొంత చెప్పాలి, ముఖ్యంగా మీలో ఉపాధ్యాయులు ఉంటే. గీసిన బొమ్మలను పేర్లు లేకుండా నేల మీద పరిచేవారు. చుట్టూ అందరం నిలబడాలి. గీసినవారు నోరు విప్పకూడదు. మిగతావారు బాగుందనో బాగాలేదనో అనకూడదు. కంటికి కనిపించింది మాత్రమే చెప్పాలి. "చూడక ముందుగాలనే తీర్పులు చెప్పెటోళ్లు దునియాల మస్తుమంది ఉన్నరు. మనకు వేరే పనుంది," అనేవారు. పనంటే చూడడం.

ఒకసారి మంఖాల్ కుర్రవాడు ఏదో బొమ్మ చూసి, "గీ గోడ మీదికెల్లి నీడ గట్ల జారుతాంది," అన్నాడు. నా నోరు ఊరుకోలేదు. జారుతోంది అనాలి బాబూ అని సరిదిద్దాను. అతను తల దించుకున్నాడు. టీచర్ నెమ్మదిగా అన్నారు: "మేడం, తమ్ముడు నీడను చూసిండు. మీరు తమ్ముని మాటను చూసిన్రు. జర మనమంత నీడనే చూద్దాం." తర్వాత టీ తాగేటప్పుడు నాకూ సాసరులో పోసి ఇస్తూ, "మీ తెలుగు వింటుంటే బుక్కు తెరిచినట్టే ఉంటది. నాకు మస్తు ఇష్టం. కని పొలగానికి భయమైతది," అన్నారు. నాకు కోపం వచ్చింది. రెండు రోజులకు తగ్గింది. మూడో రోజు ఆ కుర్రవాడి పక్క బల్ల దగ్గర నిలబడ్డాను.

మా కాలేజీ సరిగ్గా విమానాలు దిగే దారి కింద ఉంది. పది నిమిషాలకొకటి తలమీదుగా పోతుంది. ఆ మోతలో ఏ అధ్యాపకుడూ పాఠం చెప్పలేడు. మిగతా గదుల్లో చిరాకు పడుతూ ఆగేవారు. మా గదిలో మాత్రం టీచర్ ఆ నిమిషాన్ని జల్‌పల్లి అమ్మాయికి ఇచ్చేశారు. విమానం వచ్చిందంటే నోళ్లు బంద్, మాటలు చేతులతో సాగాలి. అంతవరకు మేము ఆమె కోసం నెమ్మదిగా పెదవులు కదుపుతూ, కాగితాల మీద రాసిస్తూ ఉండేవాళ్లం. ఇప్పుడు ఆ అమ్మాయికి గబగబా వచ్చేది మాకు రాదు. నీలం, బరువు, దూరం, ఖాళీ, ఇవన్నీ ఆమె నేర్పితే మేము నేర్చుకున్నాము. ఆమె వేళ్లు అంత వేగంగా, అంత వెటకారంగా కదలగలవని అప్పుడే తెలిసింది. ఒకరోజు నా సంజ్ఞ చూసి విరగబడి నవ్వి, ఫోనులో టైపు చేసి చూపించింది: 'అమ్మమ్మా, నీ చేతికి యాస ఉంది.' నా వణుకు గురించి ఎవరైనా నా ముఖం మీద అన్న మొదటి మాట అది. ఎందుకో బాధ కలగలేదు.

అయినా దాచడం మానలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఇంటి దగ్గర గీసుకుని రమ్మన్న బొమ్మలన్నీ నేను స్కేలు పెట్టి, వృత్తలేఖిని పెట్టి, కిటికీ అద్దం మీద కాగితం ఆనించి నకలు దింపి తెచ్చేదాన్ని. గీతలు తీగ లాగినట్టు నిటారుగా ఉండేవి. నేల మీద పరిచినప్పుడు వాటి గురించి ఎవరికీ చెప్పడానికి ఏమీ దొరికేది కాదు. టీచర్ ఒక్కసారి మాత్రం వాటి ముందు చాలాసేపు గొంతుక్కూర్చుని, "వీట్ల ఎవరి చెయ్యో నాకు దొరుకుతలేదు," అన్నారు. అంతకుమించి అడగలేదు.

మరుసటి వారం గదిలోకి మనిషి పొడవు వెదురు కర్రలు తెచ్చారు. కర్ర చివర బొగ్గు కట్టి, నేల మీద కాగితం పరిచి, నిలబడి గీయమన్నారు. అంత పొడవు కర్ర ఎవరి చేతిలోనూ నిలవదు. ఇరవై ఏళ్ల చేతులన్నీ వణకడం మొదలుపెట్టాయి. పిల్లలు నవ్వుతున్నారు, విసుక్కుంటున్నారు, కర్రను తిడుతున్నారు. నాకు మాత్రం ఏమీ కొత్తగా లేదు. వణుకులో నాకు ఏళ్ల అనుభవం ఉంది. దానితో పేచీ పెట్టుకుంటే ఎక్కువవుతుందనీ, దాని వెంట పోతే ఎక్కడో ఒకచోటికి తీసుకుపోతుందనీ ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. కిటికీలోంచి కనిపించే బీడు భూమిని గీశాను. బొమ్మలు పరిచాక మంఖాల్ కుర్రవాడు నా కాగితం ముందు ఆగిపోయాడు. అది ఎవరిదో అతనికి తెలియదు.

"గిది ఎండాకాలం పగటీలి పొలం," అన్నాడు. "గట్టు ఆడనే ఉంటది. కని దూరం నుంచి చూస్తే ఎండకు గిట్లనే కదులుతది. మా బాపు చూస్తే గుర్తు పడతడు."

గీసినవారు మాట్లాడకూడదన్నది నియమం. నేను ఎన్నడూ ఏ నియమం తప్పలేదు. ఆ రోజు, "అది నాది," అన్నాను. టీచర్ ముడిలో పెన్సిలు ముడిలోనే ఉండగా దాని కోసం బల్ల మీద వెతుకుతున్నట్టు అటు తిరిగారు.

రెండో ఏడాది చివరి పరీక్ష నియమాలు నోటీసు బోర్డు మీద పెట్టినప్పుడు అసలు కష్టం వచ్చింది. కూర్చున్న మనిషిని చూసి ముప్పై నిమిషాల్లో గీయాలి. పైనుంచి పరీక్షకులు వచ్చి ఆ బొమ్మ చూస్తారు. అందులో తప్పితే డిప్లొమా లేదు. కంగారు పడితే నా చెయ్యి పెన్సిలునే పట్టుకోదు. టీచర్ ఒక ఫారం తెచ్చారు. డాక్టరు సర్టిఫికెట్ జతచేస్తే అదనపు సమయం ఇస్తారు.

"నేను దరఖాస్తు పెట్టను. అందరికీ ముప్పై నిమిషాలైతే నాకూ ముప్పై నిమిషాలే. చెయ్యలేకపోతే మానేస్తాను." మానేస్తున్నట్టు ఉత్తరం అప్పటికే రాసి సంచిలో పెట్టుకున్నాను. అదీ చూపించాను.

ఆమె ఉత్తరం చదివి మడిచి నాకే ఇచ్చారు. ఫారం కూడా వెనక్కి తీసుకున్నారు. "మీరు లెక్కల మేడం గదా. నాకొక్క లెక్క తెలుస్తలేదు, చెప్పుండ్రి. ముప్పై నిమిషాలు దేన్ని కొలుస్తున్నయి? బొమ్మనా, ఉరుకుడునా?"

ఆ ప్రశ్నే నన్ను ఆ రోజు మాట్లాడించింది. ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పాను. నా తరగతిలో ఒకప్పుడు కుడిచేతి వేళ్లు సరిగా ముడవలేని ఒక అమ్మాయి ఉండేది. ఆలోచన చురుకు, రాత నెమ్మది. సంవత్సరాంత పరీక్షలో చివరి లెక్క సగంలో ఉండగా గంట కొట్టారు. 'మేడం, రెండే నిమిషాలు' అంది. గంట అందరికీ ఒకటేనని చెప్పి కాగితం లాక్కున్నాను. లాగినప్పుడు ఆమె పెన్ను గీత కాగితం అంచుదాకా పోయింది. ఆ గీత నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

టీచర్ నన్ను ఓదార్చలేదు. "ఇది నాకెందుకు చెప్తున్నరు మేడం? ఆ పిల్లకు చెప్పాలె," అన్నారు.

"ఎక్కడుందో తెలియదు."

"అయితే ఆ బరువు మోసుడే," అన్నారు. చెయ్యి పట్టుకోలేదు కానీ, ఆ సాయంత్రం షేర్ ఆటో దొరికేదాకా నా పక్కన రోడ్డు మీద నిలబడ్డారు.

తర్వాత ఏం జరిగిందో నాకు అటెండర్ చెప్పాడు. "టీచరమ్మ ప్రిన్సిపాల్ సార్ రూంల కూసున్నది. సార్ పోండ్రి అన్నడు. లేవలే. మళ్ల అన్నడు. లేవలే. కాంట్రాక్టు నౌకరి పెట్టుకొని గంత ధైర్యమేందో." ఆమె అడిగింది నాకు మినహాయింపు కాదు. పరీక్ష గది పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా తెరిచి ఉండాలి, ఎవరికి ఎంతసేపు కావాలంటే అంతసేపు గీసుకుని వెళ్లాలి, అందరికీ అదే. చివరికి ప్రిన్సిపాల్ ఈ ఒక్కసారికి ఒప్పుకున్నారు. నన్ను అడిగించకుండా ఇవ్వడానికి ఆమె కనిపెట్టిన దారి అదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకు తెలుసు. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. తర్వాత ఎప్పుడో ఇంకొకరితో అంటుండగా విన్నాను: "అడిగినోళ్లకే తలుపు తీస్తే, అడగలేనోళ్లు బయటనే ఉంటరు." మానేస్తున్నట్టు రాసిన ఆ ఉత్తరం చింపేశాను.

పరీక్ష రోజు రంజాన్ నెలలో పడింది. మేము గీయడానికి ఎదురుగా కూర్చోవలసిన ముసలాయనకు జ్వరం. "నేనే కూసుంట తియ్యి. రోజ ఉన్నప్పుడు ఎట్లయినా కూసునుడే," అని ఉపవాసంలో ఉన్న టీచర్ వెళ్లి గది మధ్య కుర్చీలో కూర్చున్నారు. మేము ఏడుగురం చుట్టూ చేరాము. మంఖాల్ కుర్రవాడు గంటలో ముగించాడు. జల్‌పల్లి అమ్మాయికి మధ్యాహ్నమైంది. పూర్తయినవాళ్లెవరూ వెళ్లలేదు. గోడ వారగా కూర్చున్నారు. నేను స్కేలు తెచ్చుకోలేదు. ఒక్కొక్క గీతకు చెయ్యి శాంతించేదాకా ఆగి, శాంతించకపోతే దాని వెంటే వెళ్లి, నెమ్మదిగా ఆమె భుజం, మెడ, చున్నీ అంచు గీసుకుంటూ వచ్చాను. మధ్యలో రెండుసార్లు ఆమె లేచి ఒళ్లు విరుచుకుని మళ్లీ అదే భంగిమలో కూర్చున్నారు.

మూడు దాటాక ఆమె కళ్లు మూతపడ్డాయి. తెల్లవారకముందే లేచి, నీళ్లు కూడా తాగకుండా, పొద్దుటి నుంచి ఒకే తీరుగా కూర్చున్న మనిషి. తల కుర్చీ వెనక్కి వాలింది. నేను అప్పటికే తెరిచి ఉన్న కళ్లు గీశాను. వాటిని చెరిపి, మూసిన కళ్లు గీయడం మొదలుపెట్టాను. రెండేళ్లలో ఆమె ముఖం అంత సేపు చూడడం అదే మొదటిసారి. అదే చివరిసారి కూడా. తర్వాత ఎప్పుడు కలిసినా మాటల్లో, నవ్వులో ముఖం కదిలిపోతూనే ఉండేది.

నా బొమ్మ పూర్తయ్యేసరికి అయిదు కావడానికి ఇంకా కాసేపుంది. పెన్సిలు కింద పెట్టాను. పరీక్ష అయిపోయింది. కానీ టీచర్ ఇంకా నిద్రలోనే ఉన్నారు, ఎవరూ లేవలేదు. అయిదు దాటింది. వసారాలో చెప్పుల చప్పుడైంది. గది తాళం వేయడానికి అటెండర్ తాళాల గుత్తి ఆడించుకుంటూ వస్తున్నాడు. నేను లేచి వెళ్లి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను.

"టైమైంది గదా మేడం," అన్నాడు.

"ఇంకాసేపు," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి పరీక్ష గదిలో అంతకుముందు ఎన్నడూ రాలేదు.

అతను నా భుజం మీదుగా లోపలికి చూశాడు. చెప్పులు విప్పి, గడప మీద కూర్చుని, తాళాలు గలగలమనకుండా గుత్తిని రెండు చేతుల మధ్య గట్టిగా పట్టుకున్నాడు.